జర్మనీకి కాపురం మారుస్తున్న అమ్మాయికి

బసవనగుడి, బెంగళూరు.

చిరంజీవి సౌభాగ్యవతి అమ్మాయికి, పెద్దమ్మ ఆశీర్వదించి వ్రాయునది.

నీకు స్టుట్‌గార్ట్‌లో ఉద్యోగం ఖాయమైందనీ, వీసా కూడా చేతికి వచ్చిందనీ, అల్లుడుగారు ఇక్కడి ఉద్యోగం మానుకుని నీతోపాటే బయలుదేరుతున్నారనీ మీ అమ్మ చెప్పగా విని చాలా సంతోషించాను. నిన్న ఫోనులో నువ్వు అడిగినవన్నీ సామాన్ల గురించిన ప్రశ్నలే. వాటికి కూడా జవాబు వ్రాస్తాను గాని, ఆ ఊళ్ళో చాలా ఏళ్ళు ఉద్యోగం చేసినదాన్నిగా నేను చెప్పవలసిన ముఖ్యమైన మాట వేరే ఉంది. అక్కడ మొదటి మూడు నెలల్లో ఏ పని తరువాత ఏ పని చేయాలో వరస తెలిసినవాళ్ళకు ఆ దేశం చాలా సులువైన దేశం. వరస తప్పినవాళ్ళకు మాత్రం ప్రతి కార్యాలయమూ ఇంకొక కార్యాలయం కాగితం అడుగుతున్నట్టే ఉంటుంది.

వరసలో మొదటిది చిరునామా. ఇంట్లో దిగిన రెండు వారాలలోగా ఆ ఊరి పౌర కార్యాలయంలో మీ ఇద్దరి పేర్లూ నమోదు చేయించుకోవాలి. దానినే అన్‌మెల్డుంగ్ అంటారు. అందుకు అద్దె ఒప్పందం ఒక్కటే సరిపోదు, ‘వీళ్ళు నా ఇంట్లో ఫలానా తేదీన దిగారు’ అని ఇంటివారు సంతకం చేసిన పత్రం కూడా కావాలి. మొదట్లో కంపెనీవాళ్ళు ఏదో ఒక సర్వీస్ అపార్ట్‌మెంట్ చూపిస్తారు కదా, అందులో దిగడానికి ముందే అక్కడ నమోదుకు ఆ పత్రం ఇస్తారా లేదా అని వ్రాతపూర్వకంగా అడుగు. ‘ఇవ్వం’ అంటే, ఆ ఇల్లు ఎంత అందంగా ఉన్నా వద్దు. ఎందుకంటే, నీ పదకొండు అంకెల పన్ను సంఖ్య ఆ నమోదు తరువాతనే పోస్టులో వస్తుంది. ఆ సంఖ్య కంపెనీకి ఇవ్వకపోతే జీతంలో పన్ను అన్నిటికన్నా ఎక్కువగా కోసే ఆరవ తరగతిలో పడే అవకాశముంది. బ్లూ కార్డు, అంటే చదువుకున్న విదేశీ ఉద్యోగులకు ఇచ్చే నివాస అనుమతి, కోసం విదేశీయుల కార్యాలయంలో వేసే దరఖాస్తుకు కూడా ఈ నమోదు కాగితమే ఆధారం. ఆ కార్యాలయంలో అపాయింట్‌మెంట్ దొరకడానికి నెలలు పట్టవచ్చు కనుక, పాస్‌పోర్టులోని వీసా గడువు ముగియడానికి చాలా ముందే దరఖాస్తు పెట్టి, పెట్టినట్టు రుజువు దగ్గర ఉంచుకో.

ఇక తపాలా పెట్టె సంగతి వివరంగా వ్రాస్తాను, ఎందుకంటే వెళ్ళేముందు దీన్ని ఎవరూ చెప్పరు. అక్కడి అపార్ట్‌మెంట్లలో మనకున్నట్టు ఫ్లాట్ నంబర్లు సాధారణంగా ఉండవు. కింద గుమ్మం దగ్గర వరసగా పెట్టెలుంటాయి, ఒక్కొక్క దాని మీద ఇంటిపేరు ఉంటుంది. పోస్ట్‌మ్యాన్ ఆ పేరు చూసి ఉత్తరం వేస్తాడు, పేరు లేకపోతే తిప్పి పంపేస్తాడు. నీ పాస్‌పోర్టులో పుట్టింటి ఇంటిపేరు ఉంది, అల్లుడుగారిది వేరే ఇంటిపేరు. కనుక రెండు ఇంటిపేర్లూ పాస్‌పోర్టులో ఉన్న స్పెల్లింగుతోనే పెట్టె మీదా, పిలుపు గంట మీదా దిగిన రోజునే అంటించాలి. మన ఇంటిపేర్లను పొడి అక్షరాలు చేసుకునే అలవాటు అక్కడ పనికిరాదు. బ్యాంకు కార్డు ఒక రోజు, దాని రహస్య సంఖ్య మరొక రోజు, ఆరోగ్య బీమా కార్డు ఇంకొక రోజు, అన్నీ ఆ పెట్టెలోకే వస్తాయి. పసుపు కవరు వస్తే మాత్రం ఆ రోజే విప్పి చూడాలి. అది చట్టప్రకారం అందజేసిన ఉత్తరం. కవరు మీద పోస్ట్‌మ్యాన్ వేసిన తేదీ నుంచే గడువు లెక్క మొదలవుతుంది కాబట్టి, ఆ కవరును కూడా పారేయకుండా ఉత్తరంతో కలిపి ఫైలులో పెట్టు. ప్రతి ఇంటికీ నెలకు 18.36 యూరోల ప్రసార రుసుము కట్టమని కూడా ఒక ఉత్తరం వస్తుంది. ఇంట్లో టీవీ లేదని దాన్ని పక్కన పడేసేవాళ్ళు చాలామంది ఉన్నారు. టీవీ ఉన్నా లేకపోయినా అది కట్టవలసిందే.

శాశ్వతంగా ఉండే ఇల్లు వెతకడం కష్టమైన పని, తొందరపడవద్దు. అద్దె రెండు రకాలుగా చెబుతారు. చల్లని అద్దె అంటే ఇంటికి మాత్రమే, వెచ్చని అద్దె అంటే హీటింగు, నీళ్ళు, నిర్వహణ ఖర్చులు కలిపినది. కరెంటు సాధారణంగా రెండింటిలోనూ ఉండదు. బెంగళూరులో పది నెలల అడ్వాన్సు పద్ధతి ఎరిగిన నీకు అక్కడి డిపాజిట్ చౌకగానే కనిపిస్తుంది. చట్టప్రకారం మూడు నెలల చల్లని అద్దెకు మించకూడదు, దాన్ని కూడా మూడు నెలసరి వాయిదాల్లో కట్టే హక్కు నీకుంది. ఇల్లు చూపించకముందే డబ్బు పంపమనేవాడు ఎంత మర్యాదగా మాట్లాడినా మోసగాడే. చాలా ఇళ్ళలో వంటగది అంటే నాలుగు గోడలూ నీటి గొట్టమూ మాత్రమే, సింకు కూడా ఉండదు. పాత అద్దెదారు తన వంటగదిని నీకు అమ్మజూపితే బేరమాడు. తాళాలు తీసుకునే రోజున ప్రతి గోడ, ప్రతి గీత, మీటరు అంకెలు ఫోటో తీసి, అప్పగింత పత్రంలో వ్రాయించిన తరువాతనే సంతకం పెట్టు.

స్టుట్‌గార్ట్ ప్రాంతానికి ప్రత్యేకమైన ఆచారం ఒకటుంది, కేర్‌వోఖె అని. మెట్లు, వరండా, ఇంటి ముందరి కాలిబాట ఊడ్చి తుడిచే పని వారానికొక ఇంటి వంతు. నీ వంతు వచ్చినప్పుడు ఒక చిన్న పలక తెచ్చి నీ తలుపు పిడికి తగిలిస్తారు. పని అయ్యాక దాన్ని నువ్వు పక్కవాళ్ళ తలుపుకు తగిలించాలి. నువ్వు ఎంత పెద్ద ఇంజనీరువో పొరుగువాళ్ళకు అనవసరం, మెట్ల మూల దుమ్ము ఉందా లేదా అన్నదే వాళ్ళు చూస్తారు. నా అభిప్రాయంలో అది మంచి ఆచారమే. రాత్రి పది నుంచి ఉదయం ఆరు వరకూ, ఆదివారం రోజంతా నిశ్శబ్దం పాటించాలి. ఇడ్లీ పిండి శనివారం సాయంత్రమే రుబ్బేసుకో, ఆదివారం పొద్దున్నే మిక్సీ మోగితే పొరుగువాళ్ళతో తొలి పరిచయం తగాదాతో మొదలవుతుంది. ఆదివారం కొట్లు కూడా మూసే ఉంటాయి, పాలు కూరగాయలు ముందురోజే తెచ్చుకోవాలి. మన వంటలో ఆవిరీ పోపు పొగా ఎక్కువ. అక్కడి కిటికీలు గాలి చొరకుండా బిగుతుగా మూసుకుంటాయి, ఆ తేమంతా గోడలకు పట్టి నల్లని బూజు కడుతుంది, డిపాజిట్ తగాదాలు ఎక్కువగా దానివల్లనే వస్తాయి. చలికాలంలోనైనా వంట అయిన వెంటనే కిటికీలు బార్లా తెరిచి ఐదు పది నిమిషాలు ఉంచాలి.

ఆరోగ్య బీమా తప్పనిసరి. నువ్వు ప్రభుత్వ విధానంలోని బీమా సంస్థలో చేరితే, సంపాదన లేనంతకాలం అల్లుడుగారు నీ బీమాలోనే అదనపు రుసుము లేకుండా ఉండవచ్చు. అత్యవసరమైతే 112, అంత తొందర లేని జబ్బుకు రాత్రిపూట వైద్యుడు కావాలంటే 116117. దీనితోపాటు మన వల్ల ఇతరులకు కలిగే నష్టానికి చేసే బీమా ఒకటి తీసుకో, భవనం తాళంచెవి పోవడం కూడా అందులో వస్తుందో లేదో చూసుకో. ఇక్కడి డ్రైవింగ్ లైసెన్సు అక్కడ ఆరు నెలలే చెల్లుతుంది, తరువాత వ్రాత పరీక్ష, నడిపే పరీక్ష రెండూ రాయవలసిందే.

ఇప్పుడు అల్లుడుగారి సంగతి. నాకు నిజంగా దిగులు పెట్టే విషయం ఇదే. నీకు పొద్దున లేస్తే ఆఫీసు, సహోద్యోగులు, మాట్లాడడానికి ఇంగ్లీషు ఉంటాయి. ఆయనకు ఉండేవి నాలుగు గోడలూ, నవంబరులో నాలుగున్నరకే పడే చీకటీ. బ్లూ కార్డు ఉన్నవారి జీవిత భాగస్వామికి వీసా కోసం జర్మన్ పరీక్ష అక్కరలేదు, వెళ్ళిన తరువాత ఏ ఉద్యోగమైనా చేయవచ్చు. పరీక్ష అక్కరలేదన్న ఆ ఒక్క సౌకర్యం చూసుకునే చాలామంది ఒక్క ముక్క రాకుండా వెళ్ళి, ఇంట్లో కూర్చుని కుంగిపోతారు. మీరిద్దరూ మారతహళ్ళిలో ఇన్నేళ్ళుండి కన్నడం నేర్చుకోలేదు, ఆటోవాడితోనూ కూరగాయలమ్మితోనూ తెలుగుతోనే నెట్టుకొచ్చారు. నా మాట కటువుగా ఉంటే క్షమించు, కాని అది బెంగళూరు మంచితనం, స్టుట్‌గార్ట్‌లో అది దొరకదు. ప్రయాణానికి ఇంకా సమయముంది కనుక, ఇందిరానగర్‌లోని జర్మన్ నేర్పే మాక్స్ ముల్లర్ భవన్‌లో ఆయన ఎ1 అనే మొదటి మెట్టు తరగతిలో ఈ నెలలోనే చేరాలి. అక్కడికి వెళ్ళిన నెలలోనే పై తరగతి మొదలుపెట్టాలి, దానికయ్యే ఖర్చును ఇంటి అద్దెతో సమానమైన ఖర్చుగా లెక్కవేసుకో. నీకు కూడా ఇందులో స్వార్థం ఉంది. బ్లూ కార్డు మీద నీకు ఎ1 స్థాయి జర్మన్ ఉంటే 27 నెలలకు, అంతకు రెండు మెట్లు పైదైన బి1 ఉంటే 21 నెలలకే శాశ్వత నివాసానికి దరఖాస్తు చేసుకోవచ్చు. తెలుగువాళ్ళ ఉగాది సంబరాలకూ వినాయక చవితికీ తప్పక వెళ్ళండి, కాని ప్రతి శనివారమూ ఆ నాలుగు కుటుంబాలతోనే గడపకండి. ఆయన క్రికెట్ ఆడతారు కదా, అక్కడి ఊళ్ళలో క్రీడా సంఘాలుంటాయి, నెలకు కొద్దిపాటి రుసుముతో ఎవరినైనా చేర్చుకుంటాయి. పనిలో ఉన్న మనిషికి ఆ దేశంలో స్నేహితులు దొరికేది ఎక్కువగా అలాంటి చోటనే.

సామాన్ల విషయం. కరెంటు అక్కడా 230 వోల్టులే కనుక మిక్సీ నిరభ్యంతరంగా తీసుకుపో, మూడు పిన్నుల ప్లగ్గు మాత్రం పట్టదు, అడాప్టర్ కావాలి. కుక్కరు ఇండక్షన్ అడుగున్నదే కొను. మీ అమ్మ ఇప్పటికే నెయ్యి కాచి డబ్బాకెత్తిందని విన్నాను. పాలతోనూ మాంసంతోనూ చేసినవి ఐరోపా సమాఖ్యలోకి ప్రయాణికులు తీసుకుపోకూడదు, అందువల్ల నెయ్యి, పాలకోవా ఆపేయమను. తాజా కరివేపాకుకు ధ్రువపత్రం లేనిదే అనుమతి లేదు, దాన్ని పొడి చేసి పంపమను. ఆవకాయకు చింతలేదు, కాని మూత చుట్టూ టేపు వేసి పెట్టెలో పెట్టాలి. ఉన్ని కోట్లు ఇక్కడ కొనవద్దు, ఇక్కడివి అక్కడి చలికి ఆగవు.

బయలుదేరే ముందు ఇక్కడ చక్కబెట్టవలసినవి నాలుగున్నాయి. సేవింగ్స్ ఖాతాలను విదేశంలో ఉండే భారతీయులకుండే ఎన్‌ఆర్‌ఓ ఖాతాలుగా మార్పించుకోవాలి. ఇక్కడి సిమ్ కార్డును రోమింగుతో బ్రతికించుకోవాలి, ఓటీపీలన్నీ దానికే వస్తాయి. మారతహళ్ళి ఫ్లాటు అద్దెకిస్తే, విదేశంలో ఉన్న యజమానికి చెల్లించే అద్దెలో పన్ను మినహాయించి కట్టే బాధ్యత అద్దెదారుదని ఒప్పందంలోనే వ్రాయించు. ఫ్లాటు వ్యవహారాలకు మీ నాన్నగారి పేరున జీపీఏ, అంటే నీ తరఫున వ్యవహరించే అధికార పత్రం, ఇక్కడే రిజిస్టరు చేయించుకుని వెళ్ళు. అక్కడికి వెళ్ళాక చేయాలంటే కాన్సులేటుకు పోయి సంతకం చేసి, ఆ కాగితాన్ని ఇక్కడికి పంపి మళ్ళీ స్టాంపు వేయించాలి. సబ్‌రిజిస్ట్రార్ కార్యాలయానికి వెళ్ళే రోజు ముందుగా చెబితే సాక్షి సంతకానికి నేను వస్తాను.

ఆశీస్సులతో,
పెద్దమ్మ