బోటు కొంటున్న మేనల్లుడికి

చిరంజీవి మేనల్లుడికి అత్తయ్య ఆశీస్సులు.

నువ్వు పంపిన ఫొటోలన్నీ చూశాం. మీ మామయ్య ఇంజన్ గది ఫొటోల దగ్గరే ఆగిపోయారు. 50 అడుగుల మోటార్ యాట్, జంట డీజిల్ ఇంజన్లు, మూడు బెడ్రూములు, పైకప్పు మీద కూర్చుని నడపడానికి ఫ్లైబ్రిడ్జ్. చూడముచ్చటగా ఉంది. కొనమంటావా వద్దంటావా అని అడిగావు. కొనుక్కో నాన్నా. సియాటెల్‌లో ఉంటున్నవాళ్లకు గుమ్మంలోనే శాన్ వాన్ దీవులున్నాయి, దాటితే కెనడా తీరం మొత్తం ఉంది. పిల్లలు చిన్నగా ఉండగానే చూపించు.

ముందు డబ్బు సంగతి. కొన్న ధరలో పదో వంతు ఏటా ఖర్చవుతుందని ఇక్కడి బోటువాళ్లు ఒక లెక్క చెబుతారు. పాత బోటయితే ఆ లెక్క దాటిపోతుంది. మెరీనా (బోట్లు నిలిపే రేవు) అద్దె, ఇన్సూరెన్స్, అడుగు భాగానికి పెయింటు, లోహ భాగాలు తుప్పు పట్టకుండా బిగించే జింకు ముక్కలు, దాని మీద వాషింగ్టన్ రాష్ట్రం బోటు విలువలో అర శాతం చొప్పున ఏటా వేసే పన్ను, అన్నీ కలిసి తడిసి మోపెడవుతాయి. డీజిల్ మాత్రం నీ చేతిలో ఉంటుంది. నీటిని తాకే భాగం 49 అడుగుల పొడవున్న బోటు 9 నాట్ల (గంటకు దాదాపు 17 కిలోమీటర్ల) దాకా నీళ్లను పక్కకు తోసుకుంటూ హాయిగా పోతుంది. అంతకు మించి వేగం కావాలంటే ఇంత బరువునూ నీటిపైకి ఎత్తాలి. 8 నాట్లకు గంటకు ఆరేడు గ్యాలన్లు తాగే బోటు 18 నాట్లకు నలభై దాటిస్తుంది. ఆ వేగం ఉన్నది అవసరానికి. రోజూ వాడటానికి కాదు.

నువ్వు రాసిన దాంట్లో నన్ను కలవరపెట్టింది ఒకే ఒక్క మాట. "శుక్రవారం సాయంత్రం బయల్దేరి ఆదివారం రాత్రికి వచ్చేస్తాం, సోమవారం పొద్దున మీటింగ్ ఉంటుంది" అన్నావు. ఈ ఉత్తరం రాస్తున్నది ఆ వాక్యం గురించే. ఈ నీళ్లలో నేను చూసిన ప్రమాదాల్లో చాలావాటి వెనక చెడిపోయిన ఇంజన్ లేదు, తుఫాను లేదు, ఫలానా గంటకల్లా ఇల్లు చేరాలన్న పంతం ఉంది. నీ క్యాలెండర్‌తో ఈ సముద్రానికి సంబంధం లేదు.

మన కాకినాడలో ఆటుకీ పోటుకీ తేడా మనిషి ఎత్తు దాటదు. సియాటెల్ ముందున్న ప్యూజెట్ సౌండ్ అనే సముద్రపు పాయలో అది మామూలుగానే 11 అడుగులు. అంత నీరు రోజుకు రెండుసార్లు ఇరుకు సందుల్లోంచి లోపలికొచ్చి మళ్లీ బయటికి పోవాలి. పైన వంతెన ఉన్న డిసెప్షన్ పాస్ అనే ఇరుకు సందులో ఆ ప్రవాహం 8 నాట్లకు చేరుతుంది. అంటే నీ బోటు 8 నాట్లతో ఎదురెక్కితే వంతెన కింద ఉన్నచోటే ఉండిపోతుంది, సుడులు చుక్కానిని అటూ ఇటూ లాగేస్తుంటాయి. నీరు ఒక దిక్కు నుంచి ఇంకో దిక్కుకు మళ్లే ముందు కాసేపు నిలకడగా ఉంటుంది. దాన్నే స్లాక్ అంటారు. ఆ కాసేపట్లోనే దాటాలి. కొత్తవాళ్లు ఇక్కడ తికమకపడేది ఒకటుంది: నీటి మట్టం బాగా పెరిగిన సమయమూ, ప్రవాహం ఆగే సమయమూ ఒకటి కావు. చాలాచోట్ల గంటల తేడా ఉంటుంది. టైడ్ టేబుల్ ఒకటి, కరెంట్ టేబుల్ ఇంకొకటి. సందు దాటడానికి చూడాల్సింది రెండోది.

ఇంకా ఉత్తరానికి వెళ్తే కెనడాలో సీమోర్ నారోస్ అనే ఇరుకు జలసంధి ఉంది. అక్కడ ప్రవాహం 15 నాట్లకు చేరుతుంది. దాని మధ్యలో ఉన్న రిపుల్ రాక్ అనే రాతి శిఖరం వందమందికి పైగా ప్రాణాలు తీసింది. 1958 ఏప్రిల్ 5న దాని కిందికి సొరంగం తవ్వి, పేలుడు పదార్థం నింపి పేల్చేశారు. రాయి పోయినా ప్రవాహం పోలేదు. పెద్ద పెద్ద క్రూజ్ షిప్పులు కూడా అక్కడ స్లాక్ చూసుకునే వెళ్తాయి.

సియాటెల్‌లోని షిల్షోల్ మెరీనా నుంచి పోర్ట్ టౌన్సెండ్ ఊరు ముప్పై పైచిలుకు నాటికల్ మైళ్లు. ఆటుతో కలిసి వెళ్తే నీరే నిన్ను మోసుకుపోతుంది. అయితే నీరు బయటికి పోతున్నప్పుడు పడమటి గాలి ఎదురొస్తే ఆ ఊరి పక్కనున్న పాయింట్ విల్సన్ కొస దగ్గర నిటారుగా, దగ్గర దగ్గరగా అలలు లేస్తాయి. వేసవి మధ్యాహ్నాల్లో వాన్ డి ఫ్యూకా జలసంధి మీద ఆ గాలి తరచుగా ఉంటుంది. తెల్లవారుజామునే దాటేయాలి. ఆగస్టులో ఆ తెల్లవారుజామునే పొగమంచు కమ్ముతుంది. అదీ చిక్కు. రాడార్ ఉంది కదా అని ఫెర్రీలూ కంటైనర్ షిప్పులూ తిరిగే దారిలోకి దూరొద్దు. రేడియో 16వ ఛానల్‌లో, ఓడల మాటలు వినడానికి ప్యూజెట్ సౌండ్‌లో అయితే 14లో, జలసంధి వైపు అయితే 5Aలో పెట్టుకుని, మంచు విడిపోయేదాకా రేవులోనే కూర్చో. అలా కూర్చోగలగాలంటే సోమవారం మీటింగ్ ఉండకూడదు. కాబట్టి ప్రతి ప్రయాణానికీ చివర ఒక ఖాళీ రోజు వేసుకో. అది వీలుకాని వారం లేక్ వాషింగ్టన్‌లో తిరిగి వచ్చేయ్. చీకటి పడ్డాక అసలు నడపకు. ఇక్కడ నీటిమీద దుంగలు తేలుతుంటాయి. కొన్ని నిలువుగా మునిగి కొస మాత్రమే కనిపిస్తుంది. పగలే కళ్లు చిట్లించి వెతుక్కోవాలి.

లేక్ యూనియన్‌లో ఉంచుతానన్నావు కాబట్టి సముద్రంలోకి వెళ్లిన ప్రతిసారీ బల్లార్డ్ లాకులు (నీటి మట్టం మార్చి బోట్లను ఎక్కించే, దించే గేట్ల గదులు) దాటాలి. ధవళేశ్వరం లాకుల్లో లాంచీలు దిగడం చిన్నప్పుడు చూసినవాళ్లమే కదా, పద్ధతి అదే. 1917 నుంచి నడుస్తున్నాయి. ఆటుపోటును బట్టి 6 నుంచి 26 అడుగుల దాకా దిగాల్సి ఉంటుంది. ముందొకరు, వెనకొకరు, కొసన ఉచ్చు ఉన్న 50 అడుగుల తాళ్లు, గోడకు రాసుకోకుండా రెండు పక్కలా ఫెండర్లు (మెత్తలు). పెద్ద లాకులో దిగేటప్పుడు తాడును క్లీటుకు (బోటు మీద తాడు కట్టే కొక్కేనికి) గట్టిగా బిగించి వదిలేయొద్దని కోడలికి గట్టిగా చెప్పు. నీరు కిందికి పోతుంటే తాడు వదులుతూ ఉండాలి, లేకపోతే ఇరవై టన్నుల బోటు ఆ తాడుకు వేలాడుతుంది. అలాగని తాడును చేతికి చుట్టుకోకూడదు.

ఆ మెరీనా గురించి మరో మాట. అది మంచినీటి సరస్సు. ఉప్పునీటి కంటే మంచినీటిలో మనిషి ఒంట్లోంచే కరెంటు తేలిగ్గా పోతుంది. డాక్ మీది వైర్లలో ఎక్కడ లీకేజీ ఉన్నా పక్కన ఈదుతున్నవాళ్ల కండరాలు బిగుసుకుపోయి మునిగిపోతారు. పైకి ఏమీ కనిపించదు. పిల్లల్ని డాక్ దగ్గర ఒక్కసారి కూడా నీళ్లలోకి దిగనివ్వకు.

బయట సముద్రంలో భయం వేరు. నీరు ఏడాది పొడుగునా 50 ఫారెన్‌హీట్ చుట్టుపక్కలే ఉంటుంది. పడినవాళ్లకు మొదటి నిమిషం ఊపిరి అందదు, పది నిమిషాల్లో చేతులు మాట వినవు, గంటకు స్పృహ పోతుంది. ఎంత ఈతగాడైనా ఇంతే. ఇంత పెద్ద బోటులో పిల్లలు లైఫ్ జాకెట్ వేసుకునే ఉండాలని చట్టం చెప్పదు. నువ్వు చెప్పు. డెక్ మీద అడుగు పెడితే జాకెట్ ఉండాల్సిందే, నీతో సహా.

లంగరు వేయడం నేర్చుకుంటే మెరీనాలో బోటు నిలిపే చోటు దొరకలేదన్న టెన్షన్ ఉండదు. సూసియా దీవిలో ఎకో బే ఉంది, అక్కడ ప్రాక్టీసు చెయ్. లోతు 20 అడుగులు ఉందనుకో. ఇంకా 8 అడుగుల పోటు రావాలి. నీటి నుంచి బోటు ముక్కు 7 అడుగుల ఎత్తు. మొత్తం 35. దానికి ఐదు రెట్లు, 175 అడుగుల గొలుసు వదలాలి. గాలి వస్తుందంటే ఏడు రెట్లు. చాలామంది ఆ క్షణంలో లోతు కొలిచే డెప్త్ సౌండర్ చూపించిన 20నే లెక్కేసుకుంటారు, అర్ధరాత్రి పోటు వచ్చాక బోటు జరిగిపోతుంది. గొలుసు వదిలాక నెమ్మదిగా వెనక్కి నడుపుతూ గొలుసు మీద అరచెయ్యి ఆనించి చూడు. గరగరమని వణుకుతుంటే లంగరు నేలమీద ఈడ్చుకొస్తోంది. బిగిసి నిశ్శబ్దంగా ఉంటే పట్టింది. అప్పుడు ఒడ్డున రెండు చెట్లు గుర్తు పెట్టుకో, పావుగంట తర్వాత అవి అదే వరసలో ఉంటేనే స్టవ్ వెలిగించు.

వంట అంటే గుర్తొచ్చింది. కదులుతున్న బోటులో తాలింపు పెట్టొద్దు, మూసిన క్యాబిన్‌లో ఆ ఘాటుకే సగం మందికి కడుపులో తిప్పుతుంది. పులిహోర, పెరుగన్నం ముందే చేసి తీసుకెళ్లండి. పీతలు పట్టుకోవచ్చు. లైసెన్సు, పట్టినవి రాసుకునే క్యాచ్ కార్డు తీసుకో. ఆరుంపావు అంగుళాలు దాటిన మగ డంజెనెస్ పీతల్నే ఉంచుకోవాలి. లంగరు వేసినచోట వాటితో పులుసు పెడితే ఆ రుచే వేరు. మిగతావాళ్ల పీతబుట్టలకు గుర్తుగా నీటిపై తేలే ఎరుపు తెలుపు బోయాల్ని దూరంగా తప్పించుకో, ఆ తాళ్లు ప్రొపెల్లర్‌కు చుట్టుకుంటాయి. టాయిలెట్ ట్యాంకు మెరీనాలో పంప్ చేయించాలి, ప్యూజెట్ సౌండ్‌లో మురుగు వదలడం 2018 నుంచి నిషేధం. ఇక్కడి ఓర్కా తిమింగలాలు కనిపిస్తే 1000 గజాల దూరంలో ఉండాలి, 2025 నుంచి అదే చట్టం. ఫొటో కోసం దగ్గరికి పోకు. చేపలు తగ్గి, బోట్ల చప్పుడు పెరిగి అవి ఇప్పటికే నానా అవస్థ పడుతున్నాయి.

వేసవిలో మీ అమ్మానాన్నల్ని కెనడా వైపు తీసుకెళ్తానన్నావు. నీకు గ్రీన్ కార్డు, చెల్లుబాటయ్యే పాస్‌పోర్టు ఉంటే చాలు. వాళ్లకు కెనడా వీసా విడిగా తీసుకోవాలి, అమెరికా వీసా మీద తిరిగి రానిస్తారో లేదో కూడా ముందే చూసుకో. అన్నయ్యకు మోకాళ్లు బాగాలేవు కాబట్టి డాక్ నుంచి బోటులోకి ఎక్కే మెట్టు ఎంత ఎత్తుందో కొనేముందే కొలువు.

ఇక ఈ బోటు గురించి. కొనేముందు బోటును తనిఖీ చేసే సర్వేయర్‌ను నువ్వే వెతుక్కో, బ్రోకర్ చెప్పినవాణ్ని వద్దు. ఇంజన్లకు వేరే మెకానిక్‌ను పెట్టి ఆయిల్ శాంపిల్ ల్యాబ్‌కు పంపించు. సీ ట్రయల్‌లో (నీటి మీద నడిపి చూసేటప్పుడు) ఫుల్ థ్రాటిల్ ఇచ్చి, కంపెనీ చెప్పిన ఆర్పీఎం వస్తోందా, నల్లపొగ వస్తోందా చూడు. మీ మామయ్య అడగమన్నది ఇంకొకటి: రెండో ఇంజన్ అవతలి పక్క ఉన్న, ఇంజన్‌ను చల్లబరచడానికి బయటి నీరు తోడే రా వాటర్ పంప్‌కు చెయ్యి అందుతుందా? అందులో రెక్కలున్న రబ్బరు చక్రం, ఇంపెల్లర్, ఏటా మార్చాలి. ఒక రెక్క ఊడిపోతే ఆ ముక్క దొరికేదాకా వెతకాలి, లేకపోతే హీట్ ఎక్స్చేంజర్‌లో అడ్డుపడి ఇంజన్ కాగిపోతుంది. చెయ్యి అందని చోట ఆ పని ఎవరూ చేయరు. ఆ ఫొటోల్లో నాకైతే జాగా కనిపించలేదు.

మొదటి కొన్ని నెలలు ట్రైనింగ్ కెప్టెన్‌ను పెట్టుకో, ఈ సైజుకు ఇన్సూరెన్స్ వాళ్లే అడుగుతారు. కోడలికి కూడా స్టీరింగ్ ఇప్పించు. నీకు ఒంట్లో బాగోకపోతే బోటును రేవుకు చేర్చాల్సింది తనే.

సర్వే ఏ రోజో తేలగానే ఫోన్ చెయ్, మామయ్యా నేనూ వస్తాం. ఈలోగా మెయింటెనెన్స్ పుస్తకం, పాత ఆయిల్ రిపోర్టులు అడిగి తెప్పించుకో. అవి ఇవ్వలేమంటే ధర మాట్లాడకు.

ఇట్లు,
మీ అత్తయ్య