గడ్డిలోకి దిగగానే ఇంజిన్ డీలా పడుతోందా?

యంత్రాల మరమ్మతు: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: మాది అమెరికాలోని జార్జియా రాష్ట్రం, కమ్మింగ్ దగ్గర. ఎకరంన్నర స్థలంలో సగం ఫెస్క్యూ గడ్డి, సగం బెర్ముడా. ఏడేళ్ల కిందట కొన్న రైడింగ్ మోవర్ (మీద కూర్చుని నడిపే గడ్డి కోత యంత్రం) ఉంది. 42 అంగుళాల డెక్ (బ్లేడ్లుండే కింది పెట్టె), 17.5 హార్స్‌పవర్ సింగిల్ సిలిండర్ ఇంజిన్. స్టార్ట్ బాగానే అవుతుంది. బ్లేడ్లు వేయకుండా నడిపితే ఏ ఇబ్బందీ లేదు. బ్లేడ్లు వేసి ఓ పావుగంట కోసేసరికి గొంతు పడిపోతుంది, ఒత్తు గడ్డి తగిలితే ఆగిపోతుంది. పది నిమిషాలు వదిలేసి స్టార్ట్ చేస్తే మళ్లీ మామూలే. ఎయిర్ ఫిల్టరూ స్పార్క్ ప్లగ్గూ మార్చాను. కొత్త కార్బురేటర్ వేయమంటున్నారు. వేయమంటారా?

జవాబు: ఇప్పుడే వద్దండి. మీరు చెప్పిన లక్షణాలను బట్టి కార్బురేటర్ మీద అనుమానం తక్కువ. దానిలో పెట్రోలు కొలిచి వదిలే సన్నని రంధ్రం, అంటే మెయిన్ జెట్‌లో చెత్త అడ్డుపడి ఉంటే పావుగంట ఆగదు. బ్లేడ్లు వేసిన మరుక్షణమే ఇంజిన్ కుంగిపోతుంది. కొంతసేపు నడిచి, ఆగి, సేదతీరాక మళ్లీ నడుస్తోందంటే మొదట చూడాల్సినవి రెండు: ట్యాంకు మూత, వేడి.

ఆ రెండింటికన్నా ముందు ఒక్కసారి చెవి పెట్టి వినాలి. ఒత్తు గడ్డిలోకి వెళ్లినప్పుడు ఇంజిన్ శబ్దం తగ్గకుండానే గడ్డి తెగక వంగి మిగిలిపోతోందా? అయితే జారుతున్నది డెక్ బెల్టు. అంచులు మెరుస్తూ, పగుళ్లిచ్చి, రబ్బరు కాలిన వాసన వస్తుంటే బెల్టు మార్చండి. దాన్ని బిగించే పుల్లీ స్ప్రింగు సాగిందేమో కూడా చూడండి. అప్పుడు ఇంజిన్ జోలికి వెళ్లనక్కర్లేదు. మీ మోవర్‌కి గొంతే పడిపోతోంది కాబట్టి ఇంజిన్‌కి పెట్రోలో, గాలో, మంటో చాలడం లేదు, లేదా దాని శక్తికి మించిన బరువు పడుతోంది. చాలామంది ఈ తేడా చూసుకోకుండానే విడిభాగాలు కొనేస్తారు.

ఇప్పుడు మూత సంగతి. ట్యాంకులో పెట్రోలు తగ్గినకొద్దీ ఆ ఖాళీలోకి గాలి వెళ్లాలి. అందుకు మూతకు ఒక సన్నని రంధ్రం ఉంటుంది. దుమ్మూ గడ్డి పొడీ చేరి అది పూడుకుపోతే ట్యాంకులో గాలి పీడనం తగ్గి పెట్రోలు కిందికి దిగనంటుంది. బ్లేడ్లు లేకుండా తిరిగినప్పుడు ఇంజిన్ తాగేది కొంచెమే కాబట్టి నెట్టుకొస్తుంది. కోత మొదలయ్యాక ఎక్కువ కావాలి, అప్పుడు ఆకలితో ఆగిపోతుంది. పది నిమిషాల్లో ఎక్కడో సందులోంచి గాలి చొరబడి మళ్లీ పెట్రోలు దిగుతుంది. ఈసారి గొంతు పడిపోగానే బ్లేడ్లు ఆపి, ఇంజిన్ ఆపి, మూత మెల్లగా వదులు చేయండి. చెవికి దగ్గరగా ‘స్‌స్’ మని గాలి లోపలికి పీల్చుకున్న చప్పుడు వినిపించి, వెంటనే స్టార్ట్ చేసినా ఇంజిన్ మామూలుగా నడిస్తే దొంగ దొరికినట్టే. మూతను సబ్బునీళ్లతో కడిగి, గాలి ఊది, బాగా ఆరాక పెట్టండి. రంధ్రం తెరుచుకోకపోతే అదే మోడల్ మూత కొత్తది కొనండి. మూత వదులుగా పెట్టి మాత్రం గడ్డి కోయకండి, కుదుపులకు వేడి ఇంజిన్ మీద పెట్రోలు చిందుతుంది.

మూత బాగుంటే చోక్ పరీక్ష చేయండి. దీనికి రూపాయి ఖర్చు లేదు, కానీ చెప్పేది చాలా ఉంటుంది. లోడ్ మీద గొంతు పడిపోతున్న ఆ క్షణంలోనే చోక్ సగం వేయండి. ఇంజిన్ తేరుకుంటే పెట్రోలు చాలడం లేదన్నమాట. ఇంకా కుంగిపోయి నల్ల పొగ కక్కితే పెట్రోలు ఎక్కువై గాలి చాలడం లేదు. ఏ తేడా లేకుండా పడిపోతే మంట దగ్గరో, ఇంజిన్ లోపలో చూడాలి.

పెట్రోలు చాలడం లేదని తేలితే ట్యాంకు నుంచి వరసగా రండి. పెట్రోలు ఫిల్టర్ ఏడాదికొకటి మార్చాల్సిందే. దాని మీద బాణం గుర్తు కార్బురేటర్ వైపు ఉండాలి. పైపు పైకి బాగానే కనిపించినా లోపలి పొర ఊడి కవాటంలా మూసుకుంటుంది. అందుకని ఏడేళ్ల పైపును అనుమానించడం తప్పు కాదు. ఇంజిన్ పూర్తిగా చల్లారాక, ఆరుబయట, ప్లగ్ వైరు తీసి ఇంజిన్ బాడీకి ఆనించి కట్టి, కార్బురేటర్ దగ్గర పైపు ఊడదీసి సీసాలో పెట్టండి. ట్యాంకు పైన ఉంటే పెట్రోలు ఆగకుండా ధారగా దిగాలి. ట్యాంకు సీటు కింద ఉండి పంపు ఉన్న మోడల్ అయితే స్టార్టర్ తిప్పినప్పుడు గుటకలు గుటకలుగా, బలంగా రావాలి. ఈ పంపు ఇంజిన్ లోపలి గాలి అదురుకు పనిచేస్తుంది. ఇంజిన్ నుంచి పంపుకు వచ్చే చిన్న గొట్టం చీలితే పంపు బాగున్నా పెట్రోలు రాదు. ఇదంతా బాగుండి కూడా చోక్ వేస్తేనే నడుస్తుంటే అప్పుడు కార్బురేటర్ విప్పండి. కింది గిన్నె తీసి, మెయిన్ జెట్‌ను కార్బురేటర్ క్లీనర్ కొట్టి శుభ్రం చేయండి. తీగతో పొడవకండి, రంధ్రం పెద్దదైతే పెట్రోలు కొలత చెడిపోతుంది. గిన్నె అడుగున వైరుతో సోలెనాయిడ్ (కరెంటుతో పనిచేసే చిన్న కవాటం) ఉంటే తాళం తిప్పగానే ‘టిక్’ మనాలి. వైరు వదులైతే అది జెట్‌ను మూసేస్తుంది.

వేడి వైపు చూస్తే, ఇగ్నిషన్ కాయిల్ వేడెక్కాక స్పార్క్ ఇవ్వకపోవడం మామూలే. చల్లగా ఉన్నప్పుడు పరీక్షిస్తే ఇది బయటపడదు. ఇంజిన్ ఆగిపోయిన వెంటనే, వేడి మీదే స్పార్క్ టెస్టర్ పెట్టి చూడండి. అప్పుడు లేని స్పార్క్ చల్లారాక వస్తుంటే కాయిల్ మార్చాలి. కొత్తది బిగించేటప్పుడు కాయిల్‌కూ ఫ్లైవీల్ అయస్కాంతానికీ మధ్య ఓ విజిటింగ్ కార్డు పెట్టి, స్క్రూలు బిగించి, కార్డు లాగేస్తే దూరం సరిపోతుంది. దానికోసం పై కవర్ విప్పినప్పుడే సిలిండర్ చుట్టూ ఉన్న రెక్కలను చూడండి. ఏడేళ్ల గడ్డి పొడి పిడకలా గట్టిపడి ఉండొచ్చు. చలికాలంలో ఎలుకలు అక్కడ గూడు కడతాయి కూడా. గాలి ఆడని ఇంజిన్ పావుగంటలో నీరసపడుతుంది.

ఏడేళ్ల ఇంజిన్‌కు వాల్వ్ క్లియరెన్స్ (వాల్వ్‌కూ దాన్ని నొక్కే మీటకూ మధ్య సందు) కూడా చూడదగ్గదే. ఈ తరహా బ్రిగ్స్ అండ్ స్ట్రాటన్ సింగిల్ సిలిండర్ ఓవర్‌హెడ్ వాల్వ్ ఇంజిన్లలో సాధారణంగా ఇన్‌టేక్‌కు 0.08 నుంచి 0.13 మి.మీ., ఎగ్జాస్ట్‌కు 0.13 నుంచి 0.18 మి.మీ. ఉండాలి. మీ ఇంజిన్ మోడల్ నంబరు పట్టుకుని పుస్తకంలో సరిచూసుకోండి. కొలిచేటప్పుడు పిస్టన్ కంప్రెషన్ మీద పైదాకా వచ్చి, పావు అంగుళం కిందికి దిగిన చోట ఉండాలి. సరిగ్గా పైన ఉంచి కొలిస్తే కంప్రెషన్ రిలీజ్ (సులువుగా స్టార్ట్ కావడానికి వాల్వ్‌ను కొంచెం తెరిచే ఏర్పాటు) వల్ల లెక్క తప్పుతుంది. చాలామంది పొరబడేది ఇక్కడే. ఎగ్జాస్ట్ బిగుతైపోతే వేడికి వాల్వ్ పూర్తిగా మూసుకోక శక్తి పోతుంది. నీలి పొగ వస్తూ, ఆయిల్ కూడా తగ్గిపోతుంటే హెడ్ గ్యాస్కెట్ పోయిందేమో చూపించండి. పొగ వస్తున్నా ఆయిల్ తగ్గకపోతే డిప్‌స్టిక్ చూడండి, గీత దాటి పోసి ఉండొచ్చు.

ఇంజిన్‌లో ఏ తప్పూ దొరక్కపోతే అది మోస్తున్న బరువును చూడాలి. ప్లగ్ వైరు తీసేసి, మందపాటి గ్లోవ్స్ వేసుకుని బ్లేడ్లను చేత్తో తిప్పండి. గరగరమంటే, పట్టి వదిలినట్టుంటే స్పిండిల్ (బ్లేడు ఇరుసు) బేరింగ్ పోయింది. డెక్ అడుగున ఎండిన గడ్డి పేరుకుంటే కోసిన గడ్డి బయటికి పోలేక బ్లేడ్ల మీదే తిరుగుతుంది. చెక్క ముక్కతో గీకేయండి. థ్రాటిల్ ఎప్పుడూ పూర్తి వేగాన్ని చూపే కుందేలు బొమ్మ దగ్గరే ఉండాలి. పెట్రోలు మిగులుతుందని సగంలో పెట్టి కోస్తే బ్లేడ్లకు వేగం చాలదు, ఫ్యాను గాలీ చాలదు. పూర్తి థ్రాటిల్‌లో ఈ ఇంజిన్లు నిమిషానికి 3,300 చుట్లకు అటూ ఇటూగా తిరగాలి. నెమ్మదిగా వెళ్లాలంటే బండి వేగం తగ్గించండి, ఇంజిన్ వేగం కాదు. వసంతంలో ఫెస్క్యూ ఏపుగా పెరిగినప్పుడు ఒకే దెబ్బకు మూడో వంతుకు మించి కోయకండి. తడి ఆరాకే దిగండి.

ఇంకొక్క మాట. గతంలో ఎవరైనా కార్బురేటర్ విప్పి ఉంటే గవర్నర్ (ఇంజిన్ వేగాన్ని నిలకడగా ఉంచే ఏర్పాటు) స్ప్రింగును వేరే రంధ్రంలో తగిలించి ఉండొచ్చు. మీరు సీట్లో కూర్చుని బ్లేడ్లు వేస్తుంటే ఇంకొకరు పక్కన, డెక్‌కు దూరంగా నిలబడి థ్రాటిల్ కడ్డీని గమనించాలి. లోడ్ పడగానే అది తనంతట తాను తెరుచుకోవాలి. కదలకపోతే తప్పు అక్కడే ఉంది. దీనికోసం సీటు స్విచ్‌ను మాత్రం బైపాస్ చేయకండి. మీరు పడిపోతే బ్లేడ్లను ఆపేది అదే.

ప్రశ్న: న్యూజెర్సీలో ఉంటాం. మోవర్‌లో ఏ గ్యాస్ (పెట్రోలు) పోయాలి? నవంబరులో షెడ్డులో పెట్టేటప్పుడు ట్యాంకు ఖాళీ చేయాలా?

జవాబు: 10 శాతం ఇథనాల్ ఉన్న మామూలు రెగ్యులర్ పోయవచ్చు. 15 శాతం ఉన్నది చిన్న ఇంజిన్లలో వాడకూడదు, అమెరికా చట్టమూ ఒప్పుకోదు. ఇథనాల్ లేనిది దొరికితే చలికాలం ముందు చివరి ట్యాంకుకు అదే మేలు. ట్యాంకు ఖాళీ చేయకుండా నెల దాటి నిలవ ఉంచేదైతే కొన్నరోజే స్టెబిలైజర్ కలపండి. పాతబడ్డాక కలిపితే ఉపయోగం లేదు. కలిపాక ఐదారు నిమిషాలు ఇంజిన్ నడిపితేనే అది కార్బురేటర్ దాకా చేరుతుంది.

ప్రశ్న: మాది ఏలూరు జిల్లా, ద్వారకాతిరుమల మండలం. పామాయిల్ తోటలో గడ్డికి 52 సీసీ టూ స్ట్రోక్ బ్రష్ కట్టర్ వాడుతున్నాం. ఖాళీగా రేస్ ఇస్తే కొంచెం పెరుగుతుంది, గడ్డి తగలగానే దిగిపోతుంది. సైలెన్సర్ నుంచి నల్లగా నూనె కారుతోంది. పిస్టన్, రింగులు పోయాయని మెకానిక్ అంటున్నారు. ఇంజిన్ చల్లగా ఉంటుందని లీటరుకు 60, 70 మి.లీ. 2టీ ఆయిల్ కలుపుతున్నాం.

జవాబు: జబ్బుకు మూలం మీ ఆఖరి మాటలోనే ఉంది. ఆయిల్ ఎక్కువ పోస్తే ఇంజిన్ చల్లబడదు. కాలని ఆయిల్ మసిగా మారి దారులు మూసేస్తుంది. పైగా ఆయిల్ ఎంత పెరిగితే పెట్రోలు అంత తగ్గి ఇంజిన్ ఇంకా వేడెక్కుతుంది. మీ పుస్తకంలో 50:1 అని ఉంటే లీటరుకు 20 మి.లీ., 25:1 అని ఉంటే 40 మి.లీ. పోయాలి. అంచనాతో కాకుండా మందు సీసాతో వచ్చే కొలత మూతతోనో, సిరంజితోనో కొలిచి పోయండి. మోటారు సైకిల్ ఇంజిన్ ఆయిల్ అసలు వద్దు.

రింగులు మార్చే ముందు ఒక పరీక్ష చేయండి. స్విచ్ ఆపి, చల్లటి ఇంజిన్‌ను స్టార్టర్ తాడు పిడి పట్టుకుని పైకెత్తండి. బండి తన బరువుకు ఆగి ఆగి, మెల్లగా దిగితే కంప్రెషన్ బాగుంది, రింగుల జోలికి పోవద్దు. సర్రున జారిపోతే మెకానిక్ అన్నది నిజం.

తర్వాత సైలెన్సర్ విప్పండి. పొగ బయటికొచ్చే చోట చిన్న జాలీ ఉంటుంది. మీ బండిలో అది తారు పూసినట్టుగా మూసుకుపోయి ఉంటుంది. స్క్రూ తీసి, ఆరుబయట మంట మీద ఎర్రగా కాల్చి, చల్లారాక వైర్ బ్రష్‌తో రుద్దితే కన్నాలు తెరుచుకుంటాయి. సైలెన్సర్ ఊడి ఉన్నప్పుడే సిలిండర్‌కున్న పొగ దారిలోకి టార్చి వేసి పిస్టన్‌ను చూడండి. నునుపుగా ఉంటే మంచిదే, నిలువు గీతలుంటే ఎప్పుడో ఆయిల్ చాలక రాసుకుందన్నమాట. దారిలో మసి ఉంటే పిస్టన్‌ను పూర్తిగా పైకి తెచ్చి, దారి మూసుకున్నాక చెక్క పుల్లతో గీకండి. లోపల పడనివ్వకండి. ప్లగ్ కూడా తడి మసితో నిండి ఉంటుంది. కొత్తది వేసి గ్యాప్ 0.6 నుంచి 0.7 మి.మీ. పెట్టండి. ట్యాంకు లోపల పైపు చివర ఉండే ఫిల్టర్‌ను తీగ కొక్కెంతో బయటికి లాగి మార్చండి. కలిపిన పెట్రోలును రెండు మూడు వారాలకు మించి ఉంచకండి. ఇథనాల్ కలిసిన పెట్రోలు తేమ పీలుస్తుంది, కార్బురేటర్‌లోని రబ్బరు పొర బిగుసుకుపోతుంది.

మీరు నైలాన్ తాడు వాడుతుంటే గార్డు ఉందో లేదో కూడా రాయాల్సింది. గార్డు అడ్డమని తీసేసి, తాడును పొడవుగా వదిలి కోయడం తోటల్లో చాలాచోట్ల అలవాటు. గార్డుకున్న చిన్న కత్తి తాడును ఇంజిన్ మోయగలిగినంత పొడవుకే కత్తిరిస్తుంది. అది లేకపోతే బాగున్న ఇంజిన్ కూడా కుంగుతుంది. ఇంజిన్ గొంతు బాగా లేచినా కట్టర్ తల (గడ్డి కోసే భాగం) తిరగకపోతే క్లచ్ బూట్లు అరిగాయని అర్థం. గరిక, తీగలు తల కింద చుట్టుకుంటే రోజూ సాయంత్రం తీసేయండి. గేర్ హెడ్ స్క్రూ విప్పి ప్రతి 25 గంటల పనికీ కొంచెం లిథియం గ్రీజు ఎక్కించండి.