పడకగదిలో పాప్ పాట

ప్రశ్న: పదేళ్లుగా కచేరీల్లో వయొలిన్ వాయిస్తున్నాను. ఈ మధ్య సొంతంగా పాప్ పాటలు కట్టి ఇంట్లోనే రికార్డ్ చేయాలనిపిస్తోంది. స్టూడియోకి డబ్బు లేదు, వీధి చప్పుడు ఎక్కువ. తోటి విద్వాంసులు ఏమంటారోనని టెన్షన్ కూడా. మొదలుపెట్టమంటారా?
– ఒక పాఠకురాలు, రాజమండ్రి

జవాబు: తప్పకుండా, ఈ వారమే. అమెరికన్ పాప్ గాయని బిల్లీ ఐలిష్ తొలి ఆల్బమ్‌ను ఎక్కువగా లాస్ ఏంజెలెస్‌లోని ఇంట్లో, అన్న ఫినియాస్ పడకగదిలోనే రికార్డ్ చేశారు, 2020లో దానికి ఆల్బమ్ ఆఫ్ ది ఇయర్ గ్రామీ వచ్చింది. గది చిన్నదని బాధ వద్దు. కానీ గోడల మోత (గోడలకు తగిలి తిరిగొచ్చే ప్రతిధ్వని) సంగతి ముందే చూసుకోండి, ఎందుకంటే ఒకసారి గొంతుతో కలిసి రికార్డయ్యాక దాన్ని విడదీయడం చాలా కష్టం. వెనకాల మందపాటి బొంతలు వేలాడదీసి, ఫ్యాన్ ఆపి పాడండి. చప్పుడున్న ఇంట్లో, చుట్టూ ఉన్న చిన్న చప్పుళ్లనీ పట్టేసే కండెన్సర్ మైక్ కన్నా, దగ్గరి గొంతునే ఎక్కువగా పట్టే డైనమిక్ మైక్ నయం, నోటికి జానెడు దూరంలోపే ఉంచాలి. రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌లో నాణ్యతను 24 బిట్‌లో పెట్టి, అందులో కనిపించే శబ్దం లెవెల్ గట్టిగా పాడినప్పుడు కూడా మైనస్ 10 డెసిబెల్స్ దగ్గర ఆగేలా చూసుకుంటే రికార్డింగ్‌లో గొంతు పగిలినట్టు వినిపించదు. వయొలిన్‌కి మాత్రం మైక్ రెండు మూడు అడుగులు పైనుంచి పెట్టండి, మరీ దగ్గరైతే కమాను గీరుడే వినిపిస్తుంది. ఆడాసిటీ అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ ఉచితమే, మొదటి పాటకి అది చాలు.

ఒక్కటి మాత్రం గట్టిగా చెబుతాను, శ్రుతిని సాఫ్ట్‌వేర్‌తో సరిచేసే ఆటోట్యూన్ బలంగా పెట్టకండి, అది మీ గమకాలను మెట్లుమెట్లుగా విరిచేస్తుంది, మీ పాటకి ప్రాణం అక్కడే ఉంది. తోటివాళ్ల మాటలంటారా, కావాలంటే వేరే పేరుతో విడుదల చేయండి. మొదటి పాట పూర్తయ్యాక మాకూ రాయండి, వినాలని నిజంగా ఉంది.