ముందు ఎముక, తర్వాతే వంశం

తిరుపతి

నాయనా,

చిత్తూరు నుంచి నువ్వు పంపిన, ఎప్పుడో అంతరించిపోయిన ఇండోహయస్ అనే జంతువు మీది వ్యాసం చదివాను. నీ వాక్యంలో మంచి నడక ఉంది. కానీ మొదటి పేరాలోనే ‘ఇది తిమింగలాలకు దగ్గరి చుట్టం’ అని తేల్చేసి, ఆ వెంటనే గణాల పేర్లు, కుటుంబాల పేర్లు వరసపెట్టావు. ఎందుకు నమ్మాలో ఒక్క చోటా చెప్పలేదు. పిల్లి అంత ఒళ్ళు, సన్నటి కాళ్ళు, వాటికి గిట్టలు. అలాంటి జంతువుకూ తిమింగలానికీ చుట్టరికమంటే చదివేవాళ్ళు ఊరికే ఒప్పుకోరు, ఒప్పుకోకూడదు కూడా.

జమ్మూలోని కాలాకోట్ దగ్గర దొరికిన పళ్ళూ దవడ ముక్కలూ చూసి 1971లో భూవిజ్ఞాని ఎ. రంగారావు దానికి ఇండోహయస్ అని పేరు పెట్టారు. ఆయన పోయాక, ఆయన భార్య దాచి ఉంచిన శిలాజాల రాళ్ళు అమెరికాలో తొలి తిమింగలాల మీద పనిచేసే శాస్త్రవేత్త హాన్స్ థెవిసన్ చేతికి వచ్చాయి. అక్కడ శుభ్రం చేస్తుంటే ఒక పుర్రె చెవి దగ్గర విరిగింది. మధ్య చెవిని కప్పే ఎముక లోపలి అంచు బాగా మందంగా కనబడింది. అంత మందం అప్పటిదాకా తిమింగలాల్లోనే చూశారు. కాళ్ళ ఎముకల గోడలూ మందమే, నీటి అడుగున నడిచే హిప్పోకు ఉన్నట్టు. 2007లో ఇదంతా అచ్చయింది. నీ వ్యాసానికి ప్రాణం ఇక్కడుంది, నువ్వు దాన్ని ఒక్క వాక్యంలో దాటేశావు!

చీలమండ సంగతి అసలు రాయనే లేదు. ఈ ఆదివారం మటన్ కొట్టులో మేక వెనక్కాలు కీలుతో సహా అడిగి తెచ్చుకో. ఉడికాక ఆ కీలులోని చిన్న ఎముకను కడిగి, వేళ్ళ మధ్య తిప్పి చూడు. రెండు కొసల్లోనూ గిలకకు ఉన్నట్టు గాడి ఉంటుంది. ఆవుకీ, పందికీ, జింకకీ అంతే. గుర్రానికి పైకొసన మాత్రమే ఉంటుంది. పాకిస్తాన్‌లో దొరికిన కాళ్ళున్న తొలి తిమింగలాలకూ ఈ రెండు గిలకల ఎముకే ఉందని 2001లో బయటపడింది. అంతకుముందు పళ్ళ పోలికను బట్టి తిమింగలాలను మెసోనిక్స్ అనే అంతరించిన మాంసాహారి వంశంలో కలిపినవాళ్ళు చాలామంది ఆ తర్వాత మాట మార్చుకుని, ఆవూ పందీ ఉన్న ఈ గుంపు వైపుకు వచ్చారు.

శేషాచలం కొండల్లోనూ ఇలాంటివి దొరకొచ్చన్న వాక్యం కొట్టెయ్. ఘాట్ రోడ్డు పక్కన కనిపించే ఆ రాళ్ళ వయసు వంద కోట్ల ఏళ్ళ పైమాట, ఇండోహయస్‌ది సుమారు 4.8 కోట్ల ఏళ్ళు. మన ఊరి మీద ప్రేమ ఉండాల్సిందే, కానీ లేని ఆశ పెట్టకూడదు.

ఇంకొకటి. దాన్ని ‘తిమింగలాల తాత’ అన్నావు. పాకిసెటస్ లాంటి తిమింగలాలు అంతకు ముందే ఉన్నాయి. దాయాది అను, సరిపోతుంది. సవరించి పంపు, పత్రికకు ఇచ్చేలోపు మళ్ళీ చూస్తాను.

ఆశీస్సులతో.