అద్దాన్ని చల్లారనీ

చిరంజీవి అమ్మడికి,

పెదనాన్న ఆశీస్సులు. నిన్న రాత్రి మీ నాన్న ఫోన్లో ఊరి కబుర్లన్నీ అయ్యాక, "అన్నట్టు అన్నయ్యా, దీనికి నీ పిచ్చే పట్టింది, టెలిస్కోపుకి అద్దం అరగదీస్తోంది" అన్నాడు. పైకి నవ్వేశాను గానీ తెల్లవార్లూ నిద్ర లేదు. సంతోషం ఒక పాలు, గాభరా రెండు పాళ్లు.

మొదటిసారే ఎనిమిదంగుళాలా! ఫోకస్ మాత్రం నాదాని లాగే 48 అంగుళాలట. రుద్దితే మొదట వచ్చే గోళాకారానికీ, చివరికి కావాల్సిన పారాబొలాకీ ఉండే తేడా వెడల్పుతో పాటు నాలుగో ఘాతంలో పెరుగుతుందే తల్లీ. మధ్యలో రెండూ కలిస్తే, నా ఆరంగుళాల అద్దానికి అంచున తేడా 0.3 మైక్రాను. నీదానికి 0.9. మూడింతలు! సరే, మొదలెట్టావు కాబట్టి ఇక వద్దనను.

రాపిడి పొడి నంబరు మార్చినప్పుడల్లా బల్లా, బకెట్టూ, గోళ్లూ కడుక్కో. పక్కింట్లో మేడ కడుతున్నారని విన్నాను. గోదారి ఇసుక రేణువొకటి గాలికొచ్చి పిచ్ మీద, అదే పాలిష్ పట్టే ఆ జిగట పూత మీద, వాలితే నీ నెల రోజుల పాలిష్ గోవిందా. ఆ వైపు కిటికీ ముయ్యి. దుప్పటి కట్టు.

పిచ్‌కి వేసే రోజిన్ బంక పెరట్లో, కరెంటు పొయ్యి మీదే కరిగించు. వంటింట్లో గ్యాసు మీద పెట్టావని తెలిస్తే బస్సెక్కి వచ్చేస్తాను. ఆముదం నాలుగు చుక్కలు తక్కువే వెయ్యి. రోహిణి కార్తెలో మన కోనసీమ ఉక్కకి పిచ్ హల్వా అయిపోతుంది, దాని మీద కోసిన గాడులు పూటకే పూడుకుపోతాయి. పూడగానే మళ్లీ కొయ్యాలి, బద్ధకిస్తే అద్దం అంచు కిందికి జారుతుంది. సీరియం పొడితో పాలిష్ పని తెల్లవారుజామున నాలుక్కి మొదలెట్టి, ఎండెక్కే లోపు ఆపెయ్.

ఇక అసలు సంగతి. మీ నాన్న నీకు చెప్పే ఉంటాడు, తన వైపునుంచి.

1995 వేసవి. మండువా వరండాలో ఒక చివర అద్దం, ఎనిమిదడుగుల దూరంలో నేను. పాలపొడి డబ్బాలో టార్చి బల్బు, డబ్బాకి సూదిబెజ్జం, చెక్కముక్కకి బిగించిన గడ్డం గీసుకునే బ్లేడు. ఫూకో అనే ఫ్రెంచాయన 1858లో కనిపెట్టిన పరీక్షకి ఇంతకంటే సరంజామా అక్కర్లేదు. వెలుగుని బ్లేడు అంచు కోస్తుంటే అద్దం నిండా నీడలు లేస్తాయి. పారాబొలా కుదురుతుంటే అచ్చం గారెలా కనిపిస్తుంది, పక్కనుంచి దీపం పడ్డ గారె. నాకు ఆ గారె దాదాపు కుదిరింది. ఇంకొక్క పదినిమిషాలు రుద్దితే చాలనుకున్నాను.

రుద్దాను. కడిగి, తుడిచి, బొటనవేలు ముఖం మీద ఆనించే పట్టుకెళ్లి స్టాండులో నిలబెట్టి, వెంటనే కన్ను పెట్టాను. ఎడమ అంచున పూరీ పొంగినట్టు బుడిపె! గుండె ఆగినంత పనైంది. అప్పుడు ఇంటర్ చదువుతున్న మీ నాన్న మీద పడ్డాను, "నా పిచ్ మీద చెయ్యెట్టావా" అని. వాడు అమ్మతోడు లేదంటున్నా వినలేదు, నోటికొచ్చినట్టు తిట్టాను. వాడు అన్నం తినకుండా పడుకున్నాడు.

నేను బొటనవేలికి సీరియం అద్దుకుని బుడిపె ఉన్న చోటే రుద్దాను. చూస్తే ఇంకా ఉంది. మళ్లీ రుద్దాను. ఇంకా పెద్దదైంది. రాత్రి మూడు దాకా ఇదే. రుద్దేదీ నేనే, వేడెక్కించేదీ నేనే! వేలి వేడికి గాజు పొంగుతోందన్న ఇంగితం లేకపోయింది. పొద్దున్నే గాజు చల్లారాక చూస్తే బుడిపె లేదు, దాని చోట గుంట. ఒక్క పక్కనే గుంట పడితే పాలిష్‌తో సరిపోదు. మళ్లీ సన్న కార్బోరండం రాపిడి పొడి దగ్గరికి వెళ్లాను. మీ నాన్నకి మాత్రం తప్పు నాదని చాన్నాళ్లు చెప్పలేదు.

అందుకని నువ్వు ముందే ఒక పని చెయ్యి. కావాలనే బొటనవేలు ఒక్క నిమిషం అద్దం మీద ఆనించి, బ్లేడు దగ్గర్నుంచి చూడు. బుడిపె లేస్తుంది, చూస్తూండగానే మెల్లగా అణుగుతుంది. దాన్ని గుర్తు పెట్టుకో. అద్దం స్టాండులో పెట్టాక రెండు గంటలు దాని జోలికి పోకు. అన్నం తిను. పడుకో. నువ్వు నా పోలికే, ఆగలేవు, అదే నా భయం.

ఆ అద్దం 96లో అయింది. ఆ నవంబరు 6న తుపాను మన కొబ్బరితోటల్ని పడగొట్టేసింది. రోజుల తరబడి కరెంటు లేదు. దీపావళి అమావాస్య చీకటి, చెట్లు పోయి నాలుగు దిక్కులా ఆకాశం. ఏడవాలో చూడాలో తెలియక టెలిస్కోపు బయట పెట్టాను. ఆ ఏడు శనిగ్రహం వలయాలు మనకేసి దాదాపు అంచుతో తిరిగి ఉన్నాయి. మీ నాన్నమ్మ కన్ను పెట్టి, "ఉంగరం అన్నావు, సూది గుచ్చినట్టుంది కదరా" అంది. తరవాత మీ నాన్న చూశాడు. చూస్తూనే, "ఆ రోజు నేను ముట్టుకోలేదు అన్నయ్యా" అన్నాడు. అప్పుడు చెప్పాను.

ఈ ఆదివారం మీ నాన్న చేత ఆ పాలడబ్బా పంపుతున్నాను. బల్బు మార్చుకో. బ్లేడు చెక్కకి అలాగే ఉంది, డబ్బా లోపల చెయ్యి పెట్టేటప్పుడు చూసుకో.

మీ పెదనాన్న