హోమిసైడ్, ఫ్రాట్రిసైడ్, పెస్టిసైడ్... ఈ ‘సైడ్’ మాటలన్నీ ఎక్కడివి? బట్టీ పట్టకుండా గుర్తుంచుకోవడం ఎలా?

ప్రశ్న అడిగినవారు ఏదో పోటీ పరీక్షకి చదువుతున్నట్టున్నారు. ‘కోచింగ్ మెటీరియల్‌లో పేట్రిసైడ్, మ్యాట్రిసైడ్, రెజిసైడ్, అక్సోరిసైడ్ అంటూ రెండు పేజీల జాబితా ఇచ్చారు, చదివిన మర్నాడే కలిసిపోతున్నాయి, ఏం చేయాలి?’ అని అడిగారు. నేను ఒక తెలుగు దినపత్రికలో పన్నెండేళ్లు సబ్ ఎడిటర్‌గా పనిచేశాను. వీటిలో ఒక మాట నా చేత బాగా తిట్లు తినిపించింది. దానితోనే మొదలుపెడతాను.

ఉద్యోగంలో చేరిన మొదటి ఏడాది. నైట్ డ్యూటీ. వార్తా ఏజెన్సీ నుంచి నాలుగు వాక్యాల ఇంగ్లీషు కాపీ వచ్చింది. ఏదో క్యాంపులో ఒక జవాను కాల్పులు జరిపాడు, ఇద్దరు చనిపోయారు, ఇది ఫ్రాట్రిసైడ్ అని అధికారులు చెప్పారు. లాటిన్‌లో ఫ్రాటర్ అంటే అన్నదమ్ముడని నాకు తెలుసు, తెలుసన్న ధీమా ఇంకా ఎక్కువ. ‘సోదరుల్ని కాల్చి చంపిన జవాను’ అని హెడ్డింగ్ పెట్టి పేజీలోకి పంపేశాను. ప్రూఫ్ చూస్తున్న మా ఇన్‌ఛార్జి గారు పెన్ను కింద పెట్టి, ‘ఏమయ్యా, కాల్చినవాడిది బీహార్, పోయినవాళ్లలో ఒకడిది ఒడిశా, ఇంకొకడిది కేరళ. వీళ్ల అమ్మానాన్నలు ఎక్కడెక్కడ కాపురం చేశారంటావు?’ అన్నారు. డెస్కంతా నవ్వింది. సైన్యం భాషలో ఫ్రాట్రిసైడ్ అంటే మనవాళ్ల చేతిలోనే మనవాళ్లు చనిపోవడం. మన దగ్గర ముఖ్యంగా ఒక జవాను తోటి జవాన్లను కాల్చిన వార్తల్లో ఈ మాట వాడతారు. పక్కన నిలబడి పోరాడేవాడు అన్నదమ్ముడితో సమానం కాబట్టి ఆ పేరు.

ఆ రాత్రి ఇంటికెళ్లాక ఈ మాటల సంగతేమిటో చూడాలనిపించింది. మొదలు చాలా చిన్నది. లాటిన్‌లో ‘కైదెరె’ అని ఒక క్రియ ఉంది. నరకడం, కొయ్యడం, చంపడం అన్నీ దాని అర్థాలే. దాన్నుంచి రెండు ప్రత్యయాలు పుట్టాయి. చంపడానికి ఒకటి, చంపినవాడికి ఒకటి. ఇంగ్లీషులోకి వచ్చేసరికి రెండూ అరిగిపోయి ఒకే ‘సైడ్’ అయ్యాయి. అందుకే రెజిసైడ్ అంటే రాజును చంపడమూ అవుతుంది, రాజును చంపినవాడూ అవుతాడు. ఇంగ్లండ్ రాజు మొదటి ఛార్లెస్‌కి 1649 జనవరి 30న తల నరికారు. ఆ మరణశాసనం మీద 59 మంది సంతకాలు చేశారు. చరిత్ర పుస్తకాల్లో వాళ్లను రెజిసైడ్స్ అనే అంటారు. రాజరికం తిరిగొచ్చాక, ఆ 59 మందిలో ఒకడు, అప్పటికే చనిపోయి ఉన్న క్రాంవెల్ శవాన్ని తవ్వి తీసి, సరిగ్గా అదే జనవరి 30న, 1661లో, ఉరికొయ్యకు వేలాడదీశారు. ఈ ఒక్క కథ తెలిస్తే రెజిసైడ్ ఇక మరిచిపోరు.

ఈ పద్ధతి మనకి కొత్తదేమీ కాదు. బ్రహ్మహత్య, గోహత్య, శిశుహత్య, భ్రూణహత్య, పితృహత్య. ముందు ఎవరు చచ్చారో చెప్పి, వెనక ‘హత్య’ తగిలించడం. చంపేవాడికి మనకి వేరే తోక ఉంది, ‘ఘ్న’. శత్రువును చంపేవాడు శత్రుఘ్నుడు, చేసిన మేలును చంపేవాడు కృతఘ్నుడు. కాబట్టి ఇంగ్లీషు జాబితాలో మీరు నేర్చుకోవాల్సింది ముందు సగం మాత్రమే. అదైనా చాలావరకు చుట్టరికాల పేర్లు.

చుట్టరికాలంటే మనకి పురాణాలున్నాయి. నేను తర్వాత డెస్కులో చేరిన కుర్రాళ్లకి ఇలాగే చెప్పేవాణ్ణి. తండ్రి మాట విని తల్లి రేణుక తల నరికిన పరశురాముడిది మ్యాట్రిసైడ్. తండ్రి అర్జునుణ్ణి యుద్ధంలో పడగొట్టిన బభ్రువాహనుడిది పేట్రిసైడ్ (ఉలూచి మళ్లీ బతికించింది గానీ, పరీక్షలో అది అడగరు). అన్న అని తెలియకుండా కర్ణుణ్ణి చంపిన అర్జునుడిది ఫ్రాట్రిసైడ్. అంటే ఒకే మనిషి ఒక కథలో హంతకుడు, ఇంకో కథలో హతుడు. దేవకి పిల్లల్ని పుట్టినవాణ్ణి పుట్టినట్టు చంపిన కంసుడిది ఇన్ఫాంటిసైడ్. ఇన్ఫాంట్ అంటే లాటిన్‌లో ‘మాటలు రానివాడు’. ఉత్తర గర్భం మీద అస్త్రం వేసిన అశ్వత్థామది ఫీటిసైడ్, మన మాటలో భ్రూణహత్య. కన్న పిల్లల్నే చంపితే ఫిలిసైడ్. భార్యను చంపడం అక్సోరిసైడ్, భర్తను చంపడం మారిటిసైడ్. ఈ రెండూ వార్తల్లో దాదాపు కనిపించవు, ప్రశ్నపత్రాల్లోనే కనిపిస్తాయి.

కృష్ణుడు కంసుణ్ణి చంపడానికి కూడా ఒక మాట ఉంది, అవంక్యులిసైడ్. ఇది నాకు చాలా ఇష్టమైన మాట. లాటిన్‌లో ‘అవుంకులుస్’ అంటే అచ్చంగా మేనమామ. తండ్రి తరఫు బాబాయికి ‘పాత్రూస్’ అని వేరే మాట ఉండేది. మేనత్తకి ‘అమిత’, పిన్నికి ‘మాతెర్తెర’. మనలాగే లెక్కగా పిలుచుకున్నారు. ఆ అవుంకులుస్ ఫ్రెంచి మీదుగా వచ్చి అంకుల్ అయింది, అమిత ఆంట్ అయింది. తేడాలన్నీ దారిలో పోయాయి. ఇవాళ మన అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ నుంచి పాలవాడి దాకా అందరూ అంకులే, అంటే లాటిన్ లెక్కన అందరూ మేనమామలే.

రోమన్లకి వీటన్నిట్లో మహాపాతకం పారిసైడ్. తండ్రినో, దగ్గరి బంధువునో చంపడం. దానికి శిక్ష ఏమిటంటే, దోషిని తోలుసంచిలో పెట్టి, లోపల ఒక కుక్కను, కోడిపుంజును, విషసర్పాన్ని, కోతిని కూడా వేసి, సంచి మూతి కుట్టేసి నీళ్లలో పడేయడం. నాలుగు జంతువుల లెక్క తర్వాతి కాలపు వర్ణనల్లోది. సంచి మాత్రం పాతదే. సిసెరో లాయరుగా పేరు తెచ్చుకున్న మొదటి పెద్ద కేసు ఇలాంటిదే. క్రీస్తుపూర్వం 80లో, తండ్రిని చంపాడన్న ఆరోపణ మీద నిలబెట్టిన సెక్స్టుస్ రోస్కియుస్ తరఫున వాదించాడు.

ఇక్కడ ఒక చిక్కుంది. చివర ‘సైడ్’ కనిపించిందల్లా చావు కాదు. డిసైడ్ కూడా కైదెరె బిడ్డే, కానీ అందులో తెగేది తల కాదు, సందేహం. మనవాళ్లు ‘బేరం తెగింది’ అంటారు చూడండి, సరిగ్గా అదే ఊహ. కోయిన్సైడ్ మాత్రం అసలు ఈ కుటుంబమే కాదు. దాని మూలం ‘కదెరె’, పడటం. యాక్సిడెంట్, ఇన్సిడెంట్ అన్నీ ఆ పడటంలోంచి వచ్చినవే. కైదెరె కొయ్యడం, కదెరె పడటం. ఈ తేడా మీద ఒక మార్కు ప్రశ్న తప్పకుండా పెట్టొచ్చు. నేనైతే పెడతాను.

నిజానికి ఈ ‘సైడ్’లు నాకు డెస్కు కంటే ముందే పరిచయం, అర్థం తెలియలేదంతే. మాది గుంటూరు జిల్లా. మా నాన్న ఎరువులు, పురుగుమందుల షాపులో గుమాస్తా. వేసవి సెలవుల్లో నన్ను కూర్చోబెట్టి డబ్బాల లెక్క రాయించేవారు. ఇన్సెక్టిసైడ్, ఫంగిసైడ్, హెర్బిసైడ్, అకారిసైడ్ అని లేబుళ్ల మీద ఉండేవి. కౌంటర్ ముందు నిలబడ్డ రైతులకి ఈ మాటలతో పనిలేదు. పురుగు మందు, తెగులు మందు, కలుపు మందు, మిరపకి నల్లి మందు. ప్రతి డబ్బా మీదా మూల మీద నిలబెట్టిన చతురస్రం లాంటి గుర్తు, దాని కింది సగానికి రంగు. ఎరుపైతే మహా విషం, తర్వాత పసుపు, నీలం, అన్నిటికంటే తక్కువది ఆకుపచ్చ. ఎరుపు, పసుపు వాటి పైసగంలో పాయిజన్ అని ఎర్ర అక్షరాలు. నాన్న ఎర్రవాటిని వెనక గోడకి పై అరలో పెట్టేవారు. ‘ఆకుపచ్చదైనా చెయ్యి కడుక్కునే అన్నం తిను’ అనేవారు.

అప్పుడు తట్టలేదు గానీ ఇప్పుడు చూస్తే, లాటిన్ మాట ఉన్నదున్నట్టు చెబుతుంది, ఇది చంపేది అని. మన మాట ‘మందు’ అంటుంది. జ్వరానికీ మందే, పురుగుకీ మందే, సాయంత్రం గ్లాసులో పోసుకునేదీ మందే. సంస్కృతం మాత్రం మొహమాటపడలేదు. ఆయుర్వేదంలో పురుగుల్ని చంపే మూలికలకి ‘క్రిమిఘ్నం’ అని పేరు. శత్రుఘ్నుడి తోకే దానికీ తగిలించారు.

డెస్కులో అందరికంటే ఎక్కువ ఇబ్బంది పెట్టింది జెనోసైడ్. అది బాగా చిన్నవయసు మాట. పోలండ్‌కి చెందిన యూదు న్యాయవాది రఫాయెల్ లెమ్కిన్ దాన్ని తయారుచేసి, 1944లో వచ్చిన తన పుస్తకంలో వాడాడు. జాతి అనే అర్థమున్న గ్రీకు ‘గెనోస్’కి లాటిన్ తోక అతికించాడు. అతుకు కనిపిస్తూనే ఉంటుంది, అయినా ప్రపంచం ఒప్పుకుంది. 1948 డిసెంబరు 9న ఐక్యరాజ్యసమితి దాని మీద ఒప్పందమే ఆమోదించింది. మేం దీన్ని మారణహోమం అని, నరమేధం అని, ఊచకోత అని ఏది తోస్తే అది రాసేవాళ్లం. మూడూ తప్పేనని నా అభిప్రాయం. ఎంతమంది చచ్చారన్నది ఆ మాటకి కొలత కాదు. ఒక జాతినో, మతస్తులనో మొత్తంగానో కొంతగానో లేకుండా చెయ్యాలన్న ఉద్దేశం ఉందా అన్నది కొలత. ఆ ఉద్దేశంతో పుట్టుకలు ఆపినా, పిల్లల్ని బలవంతంగా వేరే సమూహానికి తరలించినా ఒప్పందం ప్రకారం జెనోసైడే. ఒక్క కత్తి దెబ్బ లేకుండా కూడా జరగొచ్చు. మారణహోమం అనగానే మంటలు, రక్తం కళ్లముందుకొస్తాయి, అసలు విషయం జారిపోతుంది. ‘జాతి నిర్మూలన’ అన్నది పొడుగైనా అదే దగ్గరిది. సింగిల్ కాలమ్ హెడ్డింగ్‌లో పట్టదు, అదొక్కటే బాధ.

హోమిసైడ్ అంటే మర్డర్ అనుకోకండి. హోమిసైడ్ అంటే మనిషి చేతిలో మనిషి చావడం, ఎలాగైనా సరే. ఆత్మరక్షణలో చంపినా హోమిసైడే. మర్డర్ అందులో ఒక రకం, పైగా ఆ మాట లాటిన్ నుంచి రాలేదు, పాత ఇంగ్లీషుది. కోర్టు కాపీల్లో ‘హత్య స్థాయికి రాని శిక్షార్హమైన నరహత్య’ లాంటి వాక్యం రాయాల్సి వచ్చినప్పుడల్లా డెస్కులో ఎవరో ఒకరు ‘అంటే చంపాడా లేదా?’ అని అడిగేవారు. పాత ఐపీసీలో హత్యకి శిక్ష చెప్పే 302 సెక్షన్ ఇప్పుడు భారతీయ న్యాయ సంహితలో 103 అయింది, ఈ పొడుగు పేరుకి శిక్ష చెప్పే 304 వెళ్లి 105 అయింది.

అన్ని లాటిన్ చావులకీ ఈ తోక ఉండదని కూడా గుర్తుపెట్టుకోండి. డెసిమేట్ అంటే పదిమందిలో ఒకణ్ణి చీటీ తీసి చంపడం, పారిపోయిన దళానికి రోమన్ సైన్యం వేసే శిక్ష. ఎక్స్‌టర్మినేట్ అంటే మొదట పొలిమేర దాటించడం మాత్రమే. ఇమ్మొలేట్ అంటే మొదట బలి ఇచ్చే ముందు పశువు మీద ఉప్పు కలిపిన పిండి చల్లడం. ఒంటికి నిప్పంటించుకోవడాన్ని సెల్ఫ్ ఇమ్మొలేషన్ అంటారు గానీ, ఆ మాటలో ఎక్కడా నిప్పు లేదు. మన ‘ఆత్మాహుతి’లో నిప్పు ఉంది, కానీ బాంబు దాడికి కూడా దాన్నే వాడేస్తున్నాం.

సూయిసైడ్ గురించి చివర రాస్తున్నాను, దాని మీద నాకు కొంచెం పట్టింపు ఉంది కాబట్టి. ‘సుయి’ అంటే తనను. అసలు లాటిన్‌లో ఈ మాట లేదు, 17వ శతాబ్దంలో అతికించారు. ఆ కాలంలోనే ఎడ్వర్డ్ ఫిలిప్స్ అనే నిఘంటుకారుడు దీన్ని వెక్కిరించాడు. లాటిన్‌లో ‘సూస్’ అంటే పంది, ఇది పందిని చంపడంలా ఉందన్నాడు. ఇంగ్లీషువాళ్లు ఇప్పుడు దాని పక్కన ‘కమిట్’ అన్న క్రియ వాడొద్దంటున్నారు, నేరాలకి వాడే మాట కాబట్టి. మన పేపర్లలో సరిగ్గా దానికి జోడీ ఉంది. ‘ఆత్మహత్యకు పాల్పడ్డాడు’. దోపిడీకి పాల్పడతారు, మోసానికి పాల్పడతారు, అత్యాచారానికి పాల్పడతారు. అప్పులు తీరక పోయిన రైతును కూడా అదే వరసలో నిలబెడతాం. ఆత్మహత్యాయత్నాన్ని నేరం చేసిన పాత 309 సెక్షన్‌కి 2024 జులై 1 నుంచి వచ్చిన కొత్త సంహితలో చోటు లేదు. అంతకుముందే 2017 మానసిక ఆరోగ్య చట్టం, అలాంటి మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలని చెప్పింది. నేను మానేసేదాకా నా చేతిలోంచి వెళ్లే కాపీల్లో ‘పాల్పడ్డాడు’ కొట్టేసి ‘ఆత్మహత్య చేసుకున్నారు’ అని రాసేవాణ్ణి. పొద్దున పేపర్ చూస్తే కొన్నిసార్లు ఎడిషన్‌లో మళ్లీ పాత మాటే ఉండేది. ఎవరు మార్చారో అడిగితే, ‘అలవాటులో చేయి అటు పోయింది గురువుగారూ’ అనేవారు.