రెండు వేల డాలర్ల పాత తెరచాప బోటు: కొనేముందు వేయాల్సిన లెక్క

ప్రశ్న: మాది కాకినాడ. ఇప్పుడు హ్యూస్టన్‌లో క్లియర్ లేక్ దగ్గర ఉంటున్నాం. నాకు 38 ఏళ్ళు, హెచ్-1బి మీద ఉన్నాను, ఐ-140 (గ్రీన్‌కార్డు కోసం కంపెనీ వేసే అర్జీ) ఆమోదమైంది. పాపకి తొమ్మిదేళ్ళు. నెల ఖర్చు 6,400 డాలర్లు. 401(కె) రిటైర్మెంటు పొదుపుకి కట్టేది, ఇంటికి పంపేది పోను నెలకి 1,500 మిగులుతుంది. బ్యాంకులో 30,000 ఉంది. కెమాలో ఒక మెరీనాలో (బోట్లు నిలిపే రేవులో) 1979 నాటి కాటలీనా 27 తెరచాప బోటు ఐదేళ్ళుగా కదలకుండా పడి ఉంది. ఓనరు పెద్దాయన, 2,000కి ఇస్తానంటున్నారు. ఇంకో 6,000 పెట్టి శని, ఆదివారాల్లో నేనే బాగుచేసుకుని, రెండేళ్ళు నడిపి, 15,000కి అమ్మొచ్చని నా ఆలోచన. మధ్యలో అద్దెకిస్తే కొంత ఖర్చు కూడా గిట్టుతుంది కదా. సెయిలింగ్ రాదు, నేర్చుకుంటాను. మా ఆవిడ మాత్రం "రేపు ఉద్యోగం పోతే దాన్నేం చేస్తావ్?" అంటోంది. ఏం చేయమంటారు?

జవాబు: ముందు మీ ఆవిడ అడిగినదానికే జవాబు చెప్పుకోవాలి. మీ ఉత్తరం మొత్తంలో అసలు విషయం అదే. హెచ్-1బి మీద ఉన్నవాళ్ళకి ఉద్యోగం పోతే దొరికే గడువు గరిష్ఠంగా 60 రోజులు. ఆ రెండు నెలల్లో కారు అమ్ముకోవచ్చు, ఇంటి లీజు తెంచుకోవచ్చు. సగం విప్పి పెట్టిన పాత బోటుని మాత్రం ఊరికే ఇస్తామన్నా తీసుకునేవాళ్ళు దొరకరు. మెరీనాలో వదిలేసి ఇండియా వచ్చేద్దామంటే కుదరదు. స్లిప్ (బోటు కట్టేసుకునే చోటు) అద్దె మీ పేరు మీద పెరుగుతూనే ఉంటుంది. అది అక్కడే మునిగితే పైకి తీయించే ఖర్చు కూడా మీదే. ఫైబర్‌గ్లాస్ బోటుని పాత సామాను కింద ఎవరూ కొనరు, దాన్ని ముక్కలు చేయించి చెత్తకి పంపడానికి మనమే ఎదురు వేల డాలర్లు ఇవ్వాలి. ఆ మోడల్‌కి అడుగున కీల్‌లో (బోటుని నిలకడగా ఉంచే బరువైన భాగంలో) ఉండే 2,700 పౌండ్ల సీసానికి తప్ప మిగతాదానికి తుక్కు ధర కూడా రాదు. పెద్దాయన 2,000కే ఇస్తున్నారంటే కారణం ఇదే. నెలనెలా స్లిప్ అద్దె కడుతూ ఆయన ఆ భారాన్ని ఇంకొకరికి అప్పగించాలని చూస్తున్నారు. తప్పు పట్టాల్సిన పనేం లేదు, కానీ అది మీ చేతికి వచ్చేది ఆస్తిగా కాదు, బాధ్యతగా.

అంతమాత్రాన మిమ్మల్ని ఈ కోరిక మానుకోమనను. సముద్రం పక్కన పుట్టి పెరిగినవాళ్ళు, పాపతో కలిసి గాలివాటం నేర్చుకుందామనుకోవడం కంటే డబ్బుకి మంచి వాడకం ఏముంటుంది? ఖర్చుని ఖర్చుగానే ఒప్పుకుని, దాని కోసం పక్కన పెట్టిన డబ్బుతో చేస్తే నేను పూర్తిగా మీ వైపు. మీ లెక్కలో నాకు నచ్చనిది రెండే: లాభం వస్తుందన్న ఆశ, అత్యవసర నిధిలో చెయ్యి పెట్టడం.

మీ 30,000 మీ ఇంటికి నాలుగున్నర నెలల పైచిలుకు ఖర్చు. అందులోంచి 8,000 తీస్తే మూడున్నర నెలలకి కూడా చాలదు. వీసా మీద ఉన్న కుటుంబానికి నేను ఆరు నెలలకి తగ్గనివ్వను. అంటే 38,400. ఇంకా 8,400 కావాలి. మీ మిగులుతో అది ఆరు నెలల పని. ఆరు నెలలకి వచ్చే 9,000లో 8,400 నిధికి పోగా మిగిలే 600తో మీరు సెయిలింగ్ నేర్చుకోండి. గాల్వెస్టన్ బే చుట్టుపక్కల అమెరికన్ సెయిలింగ్ వాళ్ళ ఏఎస్ఏ 101 అనే తొలి కోర్సు చెప్పే బడులున్నాయి. ఫీజు అంతకంటే ఓ వందో రెండొందలో ఎక్కువైనా సర్దుకోవచ్చు. దానికంటే చవకైన దారి కూడా ఉంది. అక్కడి క్లబ్బుల రేసులకి బోటు ఓనర్లకి ఎప్పుడూ మనుషులు కావాలి. రాదని ముందే చెప్పి, టైముకి వెళ్ళి, చెప్పిన తాడు లాగితే చాలు, మళ్ళీ పిలుస్తారు. ఒక వేసవి అలా తిరిగితే మీకు 27 అడుగుల బోటు కావాలో, ట్రెయిలర్ మీద ఇంటి పక్కన పెట్టుకునే చిన్నది చాలో మీకే తెలుస్తుంది. ఐదేళ్ళుగా కదలని బోటు ఇంకో ఆరు నెలలు ఎక్కడికీ పోదు. పోయినా నష్టం లేదు. కాటలీనా 27 అనేది 1971 నుంచి ఆరు వేలకు పైగా తయారైన మోడల్, ఇంకోటి దొరుకుతుంది.

ఇప్పుడు మీరన్న 6,000 సంగతి. ఇక్కడ నేను చెప్పేవి నా అంచనాలు, మీరు కెమా, సీబ్రూక్ యార్డుల్లో కొటేషన్లు తీసుకుని సరిచూసుకోండి. బోటు కదలకపోయినా అయ్యే ఖర్చు ముందు చూద్దాం. అడుగుకి నెలకి 10 డాలర్ల చొప్పున స్లిప్ అద్దె ఏడాదికి 3,240. మెరీనా ఎలాగూ అడిగే లయబిలిటీ ఇన్సూరెన్స్ (మన బోటు వల్ల ఇతరులకి జరిగే నష్టానికి), వెచ్చటి గల్ఫ్ నీళ్ళలో అడుగున పట్టే నాచు, గుల్లలు గీకడానికి డైవరు, ఆగిపోతే లాక్కొచ్చే టోయింగ్ సభ్యత్వం, కరెంటు, రిజిస్ట్రేషన్ కలిపితే ఇంకో 1,360 దాకా. ఏడాదికి 4,600. మీ 6,000లో నాలుగింట మూడు వంతులు ఒక్క మరమ్మతు చేయకముందే అయిపోయాయి.

ఇక మరమ్మతులు. బోటుని పరీక్షించి లోపాలు రాసిచ్చే సర్వేయరుకి 675, బోటుని నీళ్ళలోంచి పైకెత్తి కడిగి అడుగు రంగు వేయడానికి 2,000, నీళ్ళ మట్టం కింద ఉన్న వాల్వులు మార్చడానికి 800. మాస్ట్‌ని (తెరచాప కట్టే నిలువు కంబాన్ని) నిలబెట్టే స్టీలు తీగలు పది, పదిహేనేళ్ళు దాటితే నమ్మకూడదు. మీరే మార్చుకుంటే 1,800, ఆ పని చేసే రిగ్గరుని పిలిస్తే దాదాపు రెట్టింపు. బోటు వెనక బయట బిగించే కొత్త అవుట్‌బోర్డ్ మోటారు 3,500. బ్యాటరీ, అడుగున చేరే నీళ్ళు తోడే బిల్జ్ పంపు, వైరింగు, లైట్లు 800. వాడిన తెరచాపలు 1,000, తాళ్ళు 500, లైఫ్ జాకెట్లు, ఆపదలో వెలిగించే ఫ్లేర్లు, మంటలార్పే సిలిండరు 400. మొత్తం దాదాపు 11,500. ఇది అనుకున్నట్టు జరిగితే. పాత బోటులో ఒక స్క్రూ విప్పితే దాని కింద ఇంకో పని బయటపడుతుంది, ఖర్చు తడిసి మోపెడవుతుంది. అందుకని నాలుగో వంతు కలిపి 14,400 అనుకోండి. కొన్న ధర, టెక్సస్ 6.25 శాతం పన్ను, రెండేళ్ళ నిర్వహణ కలిపితే 25,700 దాటుతుంది. బాగా తయారైన అదే వయసు బోటుకి 8,000 వస్తే మంచి ధర వచ్చినట్టే. 15,000 మాట మర్చిపోండి. అమ్మాక కూడా మీకు మిగిలే ఖర్చు 17,700, అంటే నెలకి 740 దాకా.

దీని పక్కన ఇంకో లెక్క పెట్టి చూడండి. ఇప్పుడు నడుస్తున్న అదే మోడల్ బోటుని 8,000కి కొన్నారనుకుందాం. పన్ను 500, సర్వే 675, చిల్లర మరమ్మతులకి ఓ రెండు వేలు, రెండేళ్ళ నిర్వహణ అన్నీ కలిపి 20,400. తర్వాత 7,000కి అమ్మినా మీకయ్యేది 13,400, నెలకి 560. ఖరీదు నాలుగు రెట్లు ఎక్కువున్న బోటు చివరికి నాలుగు వేలకు పైగా చవక పడింది. పైగా మొదటి వారమే తెరచాప ఎత్తుతారు. ఎవరో ఒకాయన ఇప్పటికే ఆ తీగలకీ, మోటారుకీ, చాపలకీ డబ్బు పోశాడు, అందులో సగం కూడా ఆయనకి తిరిగి రాదు. ఆ లాభం మీకు రావాలి. మీ చేతుల్లోంచి ఇంకొకరికి పోకూడదు.

ఒకే ఒక్క సందర్భంలో నేను పాతదాన్నే తీసుకోమంటాను: గీకడం, రుద్దడం, ఎపాక్సీ జిగురు కలపడం, ఇవే మీకు ఆనందమైతే. ఆ పని కోసం పని ఇష్టమైతే నెలకి అదనంగా పోయే 180 డాలర్లు దండగ కాదు. నడపాలన్నదే మీ కోరికైతే మాత్రం రెండేళ్ళు ఎండలో ఇసుక కాగితం పట్టుకుని కూర్చుని విసుగెత్తిపోతారు. ఇందులో మీరు ఏ రకమో మీకంటే మీ ఆవిడకి బాగా తెలుసుంటుంది, ఆవిణ్ణే అడగండి.

అద్దె ఆలోచన పూర్తిగా తీసేయండి. డబ్బు తీసుకుని మనుషుల్ని తిప్పాలంటే కోస్ట్ గార్డ్ ఇచ్చే కెప్టెన్ లైసెన్సు కావాలి. మామూలు ఇన్సూరెన్సు అద్దె వాడకానికి వర్తించదు. అన్నిటికంటే ముందు, హెచ్-1బి మీద ఉండి సొంతంగా అలాంటి వ్యాపారం నడపడం మీ గ్రీన్‌కార్డు దారికే ఎసరు తెస్తుంది. పన్ను సంగతి కూడా ఎవరైనా చెవిలో వేస్తారు: పడక, వంట, టాయిలెట్ ఉంటే బోటుని రెండో ఇల్లుగా చూపి వడ్డీ మినహాయించుకోవచ్చని. నిజమే, కానీ అది ఆ బోటు తాకట్టు మీద తీసుకున్న అప్పుకి. మీరు నగదుతో కొంటున్నారు, వడ్డీయే లేదు. లాభానికి అమ్మితే పన్ను పడుతుంది, నష్టానికి అమ్మితే ఆ నష్టాన్ని చూపుకోవడానికి వీల్లేదు, సొంత వాడకం వస్తువు కాబట్టి. 401(కె) మీద అప్పు తీసుకునే ఆలోచన ఉంటే అదీ వద్దు. ఉద్యోగం పోతే, మిగిలిన బాకీని ఆ ఏడాది పన్ను రిటర్న్ గడువులోగా సర్దకపోతే ఆదాయం కింద లెక్కేసి పన్ను వేస్తారు, మీ వయసుకి పైన 10 శాతం జరిమానా.

ఇన్ని చెప్పినా పాతదే కావాలనుకుంటే, సర్వేయరుకి డబ్బిచ్చే ముందు ఒక ఉదయం మీరే వెళ్ళి చూడండి. డెక్ మీద అంగుళం అంగుళం నడవండి. కాలి కింద మెత్తగా నొక్కుకుంటే రెండు ఫైబర్‌గ్లాస్ పొరల మధ్య చెక్క నీళ్ళు తాగి కుళ్ళిందన్నమాట. లోపలికెళ్ళి మాస్ట్ తీగలు డెక్‌కి బిగించిన చెయిన్‌ప్లేట్ల చుట్టూ గోధుమరంగు మరకలున్నాయేమో చూడండి. అడుగు చెక్క ఎత్తి కీల్ బోల్టుల మీద టార్చి వేయండి. తుప్పు పొరలు పొరలుగా లేస్తుంటే ఆ బోటుని అక్కడే వదిలేయండి, అందులో బేరానికి తావు లేదు. నీళ్ళ మట్టం కింది వాల్వులకి కుళాయిలా గుండ్రటి పిడి ఉంటే అవి పాతకాలపు గేట్ వాల్వులు, మార్చక తప్పదు. కీల్, డెక్ రెండూ బాగున్నాయనిపిస్తేనే సర్వేయరుని పిలవండి. బోటుని పైకెత్తించే చూడమనండి. నీళ్ళలో ఉండగా చేసిన సర్వే నాకు సగం సర్వేయే.

కొన్నాక డబ్బు ఏ వరసలో పోవాలో ముందే కాగితం మీద పెట్టండి. కొత్తవాళ్ళు పాలిష్, పరుపులు, వార్నిష్‌తో మొదలుపెడతారు, కంటికి కనబడేవి కాబట్టి. అసలు డబ్బు నీళ్ళు లోపలికి రాకుండా ఆపేవాటికి ముందు పోవాలి: వాల్వులు, గొట్టాలు, బిల్జ్ పంపు. తర్వాత మాస్ట్ కూలకుండా ఆపేవి. ఆ తర్వాత మోటారు, తర్వాత చాపలు. పరుపులు ఆఖరికి, నడపడం మొదలయ్యాక. ఒక పని పూర్తిచేసి బోటుని మళ్ళీ కదిలే స్థితికి తెచ్చాకే ఇంకోటి విప్పండి. ఉన్నట్టుండి అమ్మాల్సి వచ్చినా కదిలే బోటుకి ఎవరో ఒకరు దొరుకుతారు. దీనికి వేరే బ్యాంకు ఖాతా తెరిచి నెలకి 700 వేయండి. ఆ ఖాతాలో ఉన్నంతే పని. క్రెడిట్ కార్డు ఈ లెక్కలోకి రాకూడదు. మరమ్మతుల మొత్తానికి 16,000 దగ్గర గీత గీసుకుని, దాటితే అమ్మేస్తామని మీ ఆవిడతో ఇప్పుడే మాట అనుకోండి. గీత దాటాక అలాంటి మాట ఎవరూ అనుకోలేరు.

తుఫానుల గురించి ఒక మాట. జూన్ 1 నుంచి నవంబరు 30 దాకా హరికేన్ కాలం. 2008లో ఐక్ వచ్చి ఆ తీరాన్ని ఏం చేసిందో మీ పక్కింటివాళ్ళని అడిగితే చెబుతారు, 2024 జూలైలో బెరిల్ మీరూ చూసే ఉంటారు. తుఫాను హెచ్చరిక వస్తే బోటుని ఎక్కడికి తీసుకెళ్ళాలో, ఎవరు కట్టాలో మెరీనా ఒప్పందంలోనూ, పాలసీలోనూ రాసి ఉంటుంది. సంతకానికి ముందు రెండూ చదవండి. ఇంత పాత బోటుకి సొంత నష్టం కవర్ ఇవ్వడానికి చాలా కంపెనీలు సర్వే అడుగుతాయి. ఇచ్చినా పేరు పెట్టిన తుఫానుకి వేరే పెద్ద డిడక్టిబుల్ (ముందు మనమే భరించాల్సిన మొత్తం) పెడతాయి. లయబిలిటీ మాత్రం తీసుకుని, బోటు విలువ పోయినా తట్టుకుంటాం అనుకోగలిగితేనే కొనండి.

కాగితాల విషయంలో తొందర వద్దు. టెక్సస్‌లో 14 అడుగులు, ఆపైన ఉన్న తెరచాప బోటుకి పార్క్స్ అండ్ వైల్డ్‌లైఫ్ విభాగం దగ్గర టైటిల్ (యాజమాన్య పత్రం), రిజిస్ట్రేషన్ ఉండాలి. అవుట్‌బోర్డ్ మోటారుకి విడిగా ఇంకో టైటిల్ ఉంటుంది, చాలామంది దీన్ని మర్చిపోతారు. రెండూ పెద్దాయన పేరు మీదే ఉన్నాయా, ఏ అప్పు సంస్థ పేరైనా మిగిలి ఉందా చూడండి. స్లిప్ అద్దె బకాయి లేదని మెరీనా ఆఫీసు నుంచి రాతపూర్వకంగా తీసుకోండి. బకాయి ఉంటే బోటు మీద వాళ్ళకి హక్కుంటుంది, ఓనరు మారినంత మాత్రాన అది పోదు. అన్నీ సరిగ్గా ఉంటే ధర కూడా మళ్ళీ మాట్లాడండి. ఆయన నెలకి 270 కడుతున్నారనుకుంటే, సర్వేలో తేలిన లోపాలు చూపించి 500కి అడగడం అన్యాయమేం కాదు.

ఆరు నెలలు నిధి నింపాక కూడా మనసు ఆ బోటు మీదే ఉంటే సర్వే చేయించి, కీల్ బోల్టులు, డెక్ తేమ గురించి రాసిన పేజీలు నాకు పంపండి. అంకెలు మళ్ళీ వేద్దాం.